ఇనుప స్టడ్ల పెట్టె హోటల్లో ఉండిపోయిన రోజు

ఫిబ్రవరి 11, మంగళవారం. ఉదయం పది గంటలు. స్టేడియం మీటింగ్ రూమ్.

హాజరైనవారు: మ్యాచ్ కమిషనర్. రిఫరీ. స్థానిక క్లబ్ మేనేజరు. ఉజ్బెకిస్తాన్ నుంచి వచ్చిన క్లబ్ కోచ్. వారి దుబాసీ. వారి బట్టలూ బూట్లూ చూసుకునే పెద్దాయన. స్టేడియం ముదీర్. పోలీసు అధికారి ఒకరు. గ్రౌండ్ సూపర్‌వైజరుగా నేను.

అనుకున్నవి: ఆట మగ్రిబ్ నమాజు అయ్యాక, ఆరున్నరకు. అతిథి జట్టు కోరిక మీద అయిదున్నరకు మైదానానికి పది నిమిషాలు నీళ్లు. స్థానిక క్లబ్‌కు అభ్యంతరం లేదు. గాలి పడమటి నుంచి, పొడి.

నా డైరీలో ఆ రోజు పేజీ పై సగం ఇది. ఉన్నదున్నట్టు దించాను. కింది సగం ఇంతవరకు ఎవరికీ చదివి వినిపించలేదు. ఇప్పుడు గల్ఫ్‌లో పచ్చిక పెంచే పనికి మన కుర్రాళ్లు చాలామంది వస్తున్నారు. వాళ్లలో ఒకరిద్దరైనా చదువుతారేమోనని రాస్తున్నాను. పేర్లు రాయను. ఉన్నవాళ్లు బాధపడతారు. పోయినవాళ్ల సంగతి నాకు తెలియదు.

నేను పశ్చిమ గోదావరి డెల్టాలో పుట్టాను. వ్యవసాయంలో డిప్లొమా చేసి, తోటల పని చేసే ఒక కంపెనీలో చేరి ఒమాన్ వచ్చాను. మొదట రుస్తాఖ్‌లో ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టించాను. తర్వాత అల్ ఖువైర్‌లో ఆఫీసుల ముందు పచ్చిక పెంచాను. దాని మీద ఎవరూ నడవకూడదు, అంతే దానికి పని. చివరి పదకొండేళ్లు సోహార్ వైపు ఒక ఫుట్‌బాల్ మైదానం చూశాను. నా భార్య అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరి డ్యూటీలూ కుదిరిన శుక్రవారం చర్చికి వెళ్లేవాళ్లం. కుదరని శుక్రవారం ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లం.

డైరీ రాయడం నాకు స్కూలు రోజుల నుంచి అలవాటు. మైదానం చేతికొచ్చాక దానికి విడిగా ఒక డైరీ పెట్టాను. రోజుకు అయిదు పంక్తులు: ఎన్ని నిమిషాలు నీళ్లు పెట్టాం, గడ్డి ఎత్తెంత, గాలి ఎటు నుంచి, సాయంత్రం గడ్డి మీద మంచు తడి పడిందా, పడితే ఎన్నింటికి. పదకొండేళ్లకు పదకొండు పుస్తకాలు. గోధుమరంగు అట్టలు వేసి ఆఫీసు బీరువాలో వరసగా పెట్టాను. ముదీర్, అంటే మా స్టేడియం మేనేజరు, నన్ను పేరుతో పిలవడం మానేసి ‘కితాబ్’ అనేవాడు. ఎవరేం అడిగినా “పోయి కితాబ్‌ని అడగండి” అని నా దగ్గరికి పంపేవాడు. అది ఎగతాళే అని తెలుసు. అయినా నాకు లోపల గర్వంగానే ఉండేది.

నా కింద ఆరుగురు పనివాళ్లు. వాళ్ల ఫోర్‌మన్ జగిత్యాల వైపు మనిషి. బిల్డింగ్ పనికి వచ్చి, ఎండలో ఇటుకలు మోసి మోసి, చివరికి గడ్డి పనిలో పడ్డాడు. నేను ఉదయం రాగానే ఆఫీసులోకి వెళ్లి నిన్నటి పేజీ చూసేవాణ్ణి. అతను రాగానే చెప్పులు విప్పి మైదానం అడ్డంగా నడిచేవాడు. ఇద్దరం ఒకే సంగతి తెలుసుకోవడానికే చేస్తున్నామని అప్పట్లో నాకు తోచలేదు.

ఆ ఉజ్బెక్ జట్టు మ్యాచ్‌కు పది రోజుల ముందే దిగింది. వాళ్ల ఊళ్లో మంచు మోకాలి దాకా ఉందట, ఆడుకోవడానికి నేల కనిపించడం లేదట. రోజూ ఉదయం మా పక్క మైదానంలో సాధన చేసేవాళ్లు. వాళ్ల దుబాసీ ఇరవై అయిదేళ్ల అమ్మాయి. హైదరాబాదులో రెండేళ్లు ఇంగ్లీషు చదువుకుంది. మొదటి రోజే నా దగ్గరికొచ్చి “బాగున్నారా అంకుల్” అంది. మా ఫోర్‌మన్ చేతిలో గొట్టం వదిలేసి నవ్వాడు.

ఆ జట్టులో నాకు దగ్గరైనవాడు కిట్ చూసుకునే పెద్దాయన. నా ఈడువాడే. నలుపు మీద తెల్లటి కుట్టుపని ఉన్న నాలుగు పలకల టోపీ. చిన్నప్పుడు వాళ్ల ఊరి సినిమాహాల్లో హిందీ సినిమాలు చూసి చూసి ఆ మాటలు పట్టుకున్నాడు. సినిమాల్లో నేర్చిన హిందీ కాబట్టి ఆయన ఏం మాట్లాడినా కొంచెం నాటకీయంగా ఉండేది. టవళ్లు ఎక్కడ ఆరేసుకోవాలి అని అడిగినా ఎవరో చనిపోతున్నట్టే అడిగేవాడు. నేను ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ణి, ఆయన నన్ను ఇంజనీర్ అనేవాడు. నేను ఇంజనీరును కానని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

మూడో రోజు టీ తాగడానికి నా ఆఫీసులోకి వచ్చి బీరువాలో పుస్తకాలు చూశాడు. ఏమిటివి అన్నాడు. చెప్పాను. ఆయన బయటికి వెళ్లి, తన సంచిలోంచి బట్ట అట్ట వేసిన లావుపాటి నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. క్లబ్ ఆడిన ప్రతి మ్యాచ్ అందులో ఉంది. ఎదుటి జట్టు, ఊరు, వాతావరణం, ఆ రోజు ఏ స్టడ్లు. గోల్స్ సంగతి చివర్లో, చిన్న అక్షరాలతో. నాలాంటివాడు ఇంకొకడు భూమ్మీద ఉన్నాడని ఆ రోజు తెలిసింది. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ పుస్తకాల వల్లే. ఆ తర్వాత జరిగిందీ వాటి వల్లే.

ఆ నోటుబుక్కు తిప్పుతూ నాలుగైదు రోజుల్లో వాళ్ల క్లబ్ కథంతా చెప్పాడు. సోవియట్ రోజుల్లో పత్తి మిల్లు పనివాళ్లు పెట్టుకున్న జట్టు అది. మిల్లు వెనక చెత్త మైదానం. గోలు స్తంభాలు పొలానికి నీళ్లు పారించే పైపులతో మిల్లు వర్క్‌షాపులోనే అతికించారు. గోల్‌కీపరు డ్రైవరు, ఫార్వర్డు ఫిట్టరు. కింది తరగతి లీగుల్లో ఆడేవాళ్లు. రైల్లో మూడు రోజులు వెళ్లి, తొంభై నిమిషాలు ఆడి, ఓడి, మళ్లీ మూడు రోజులు వచ్చేవాళ్లు. ఈయన అప్పుడు రెండో గోల్‌కీపరు. ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా ఆడలేదు. “నా గ్లవ్స్ ఎప్పుడూ కొత్తవే” అని తనే నవ్వాడు.

దేశం విడిగా అయ్యాక సొంత లీగ్ మొదలైంది. పాత ఆటగాళ్లు వెళ్లిపోయారు, ఈయన బూట్లు చూసుకోవడానికి ఉండిపోయాడు. అయిదారేళ్లకు ఆ చిన్న ఊరి జట్టు లీగ్ ఆఖరి మ్యాచ్ దాకా వచ్చింది, గెలిస్తే ఛాంపియన్లు. ఆ రోజు వాన. సగం ఆటకు ఒక గోలు వెనకబడ్డారు. అప్పుడు ఈయన ఎవరినీ అడగకుండా డ్రెస్సింగ్ రూమ్‌లో కింద కూర్చుని, పదకొండు జతల బూట్లకూ పొట్టి స్టడ్లు తీసేసి పొడవాటి ఇనుపవి బిగించాడు. స్టడ్లంటే బూటు అడుగున నేలను పట్టుకునే గుబ్బలు. రెండో సగంలో వాళ్ల కాళ్లు బురదలో నిలబడ్డాయి, ఎదుటివాళ్లవి నిలబడలేదు. రెండు గోల్స్. మొదటి ఛాంపియన్‌షిప్.

అప్పటి కోచ్ ఆ రాత్రి ఒక ఆచారం పెట్టాడు: ఈ క్లబ్‌లో ఏ బూటు వేసుకోవాలో ఆటగాడు చెప్పకూడదు, కోచ్ చెప్పకూడదు, ఈయనే చెప్పాలి. ఎవరి కొక్కెం కింద ఏ జత పెడితే వాళ్లు అదే తొడుక్కోవాలి. కోచ్‌లు మారారు, ఆచారం మారలేదు. మరో రెండుసార్లు లీగ్ గెలిచారు, కప్పు రెండుసార్లు గెలిచారు. ఒక ఏడాది ఆసియా క్లబ్బుల పోటీలో సెమీఫైనల్ దాకా వెళ్లారు. దారిలో గల్ఫ్‌లోని ఒక డబ్బున్న జట్టును వాళ్ల గడ్డ మీదే ఓడించారు. జట్టు తిరిగి వచ్చిన రోజు మిల్లుకు సెలవిచ్చారట. స్టేషన్‌కు ఊరు ఊరంతా వచ్చి, రైలు దిగనివ్వకుండా కిటికీల్లోంచే రొట్టెలు అందించారట. ఆ పేజీ తీసినప్పుడు ఆయన సినిమా హిందీ ఆగిపోయింది. ఉత్త వేలు పెట్టి చూపించాడు.

ఆ తర్వాత పేజీలు త్వరగా తిప్పాడు. మంచి ఆటగాళ్లను రాజధాని క్లబ్బులు తీసుకుపోయాయి. మిల్లు చేతులు మారింది. కొత్త యజమానికి ఫుట్‌బాల్ అంటే ఇష్టమూ లేదు, కోపమూ లేదు. ఆయన ఒకటే చెప్పాడు: ఒమాన్‌లో ఈ ఒక్క క్వాలిఫయింగ్ మ్యాచ్ గెలిచి పెద్ద పోటీలోకి వెళ్తే క్లబ్ ఉంటుంది. లేదంటే ఈ సీజన్‌తో సరి. సెమీఫైనల్ నాటి జట్టులో మిగిలినవాడు గోల్‌కీపరు ఒక్కడే. ముప్పై అయిదేళ్లవాడు, ఆ ఊరివాడే, మిల్లు గేటు ముందు పెరిగినవాడు. ఉస్తాద్ అతన్ని “నా కొడుకు లాంటివాడు” అనలేదు. “నా గ్లవ్స్ వాడే తొడుక్కుంటాడు” అన్నాడు.

ముందే చెప్పేస్తాను, ఆ క్లబ్ ఇప్పుడు లేదు. ఆ దుబాసీ అమ్మాయి తర్వాత ఒకసారి మెసేజ్ పెట్టింది. మైదానంలో గోదాములు కట్టారట.

ఇక మంగళవారం. ఉదయం మీటింగ్‌లో వాళ్లు నీళ్లు అడిగారు. వాళ్లది చకచకా పాసులిచ్చే ఆట, కొంచెం తడిగా ఉంటే బంతి జోరుగా పోతుంది. అది మామూలు కోరికే. నేనూ తలూపాను. పడమటి గాలి కొండల మీదుగా వస్తుంది, పొడిగా ఉంటుంది. పది నిమిషాల నీళ్లు అరగంటలో సగం ఆరిపోతాయి.

మధ్యాహ్నం రెండున్నరకు ఉస్తాద్ మైదానం అంచున నిలబడి నన్ను పిలిచాడు. హోటల్ నుంచి సామాను పంపిస్తున్నారు, వాన్‌లో చోటు తక్కువ. రెండు రకాల బూట్లూ తేవాలా, పొట్టి స్టడ్లవి చాలా అని అడిగాడు. మర్యాదకు అడిగిన మాట కాదు అది. ఆ క్లబ్‌లో ఆయన ఒక్కడే జవాబు చెప్పాల్సిన ప్రశ్న నన్ను అడిగాడు. వేరే దేశంలో, వేరే నేల మీద, పదకొండు పుస్తకాలున్న మనిషిని నమ్మి అడిగాడు.

నేను పక్కనున్న గడ్డి వైపు కూడా చూడలేదు. గాలి వైపు చూసి, గుర్తున్నది చెప్పాను. మధ్యాహ్నం పడమటి గాలి వీచిన రోజు ఇక్కడ రాత్రి తొమ్మిది లోపల మంచు పడిన దాఖలా నా పుస్తకాల్లో లేదు, పొట్టివే తెచ్చుకోండి అన్నాను. ఆయన కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. పొడవాటి ఇనుప స్టడ్ల బూట్లున్న పెట్టె హోటల్లో ఉండిపోయింది. నేను డైరీలో రాసుకున్నాను: ‘2.30. అతిథులకు చెప్పాను, పొడి.’

అయిదున్నరకు నీళ్లు వదిలాం. అయిదూ నలభైకి కట్టేశాం. అయిదూ నలభై అయిదుకు మా ఫోర్‌మన్ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. గాలి పడిపోయిందన్నాడు. సముద్రం వైపు నుంచి చెమ్మ ఎక్కుతోంది, నీళ్లు ఇంకడం లేదు, గోలు ముందర మరీ జారుడుగా ఉంది అన్నాడు.

పొద్దు గుంకాక ఆరుతుందిలే, పడమటి గాలి మళ్లీ వస్తుంది, పదకొండేళ్ల నుంచి చూస్తున్నా అన్నాను.

“మీరు సూసింది పదకొండేండ్లు సార్. నేను ఇప్పుడే నడిచొచ్చిన.”

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నేను గొంతు పెంచను, పుస్తకం తీస్తాను. చూద్దాం ఆగు అని ఆఫీసులోకి వెళ్లాను. బీరువా తెరిచి ఒక్కొక్క ఏడాదీ తీసి, ఫిబ్రవరి పేజీలు తిప్పాను. పడమటి గాలి ఉన్న రోజులన్నీ వేరే కాగితం మీద రాశాను. పక్కన మంచు పడిన సమయం రాశాను. నేను చెప్పిందే నిజం. ఒక్క రోజు కూడా తేడా లేదు. కాగితం పట్టుకుని బయటికొచ్చేసరికి ఆరూ అయిదు, మసీదులో మగ్రిబ్ అజాన్ అవుతోంది.

స్టేడియం నుంచి హోటల్‌కు పావుగంట. నేను ఆ ఇరవై నిమిషాలు గదిలో కూర్చోకుండా డ్రెస్సింగ్ రూమ్ తలుపు కొట్టి ఉంటే, వాన్ వెళ్లి ఆ పెట్టె తెచ్చి ఉండేది. అజాన్ అప్పుడు చెప్పినా పరుగెత్తి తెచ్చేవాళ్లేమో. నేను ఫోర్‌మన్‌కు కాగితం చూపించాను. అతను దాన్ని చేత్తో ముట్టుకోలేదు.

“సరే సార్. పెద్దోళ్లు మీరు” అన్నాడు.

ఎదుటివాడు తప్పు చేస్తున్నాడని తెలిసి, ఇక చెప్పి లాభం లేదనుకున్నప్పుడు మనవాళ్లు అనే మాట అది. అతనితో పనిచేసిన అన్నేళ్లలో నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆట మొదలైన నాలుగో నిమిషంలో ఉజ్బెక్ డిఫెండరు ఒకడు తిరగబోయి జారి కూర్చుండిపోయాడు. జనం నవ్వారు. పదో నిమిషంలో ఇంకొకడు. స్థానిక జట్టు కాళ్లకేసి చూశాను. అందరివీ పొడవాటి ఇనుప స్టడ్లు. వాళ్ల కిట్ మనిషి డైరీ రాసేవాడు కాదు. నీళ్లు కట్టేశాక మైదానంలోకి వచ్చి మడమతో ఒక్క తన్ను తన్ని వెళ్లాడట, ఫోర్‌మన్ తర్వాత చెప్పాడు.

ఉజ్బెక్ జట్టు అయినా బాగానే ఆడింది. పడుతూ లేస్తూ రెండుసార్లు గోలు దాకా వెళ్లారు. ఆ పాసులు చూస్తే పత్తి మిల్లు వెనక పైపుల గోలు దగ్గర నేర్చిన ఆట అని ఎవరూ అనుకోరు. సగం ఆటకు గోల్స్ లేవు. అప్పటిదాకా నా మాట నమ్మి గడ్డి ఆరుతుందని చూసినట్టున్నాడు, ఇప్పుడు బెంచీ దగ్గర ఉస్తాద్ దుబాసీ అమ్మాయితో ఏదో అన్నాడు, ఆమె వాన్ వైపు పరుగెత్తింది. పెట్టె కోసమని నాకు అర్థమైంది. ఆయన నా వైపు చూస్తాడేమోనని స్తంభం వెనక్కి జరిగాను. చూడలేదు. సగం ఆట విరామం పావుగంట. వెళ్లి రావడానికి అరగంట.

రెండో సగం మొదలైన పదమూడో నిమిషంలో ఎడమ వైపు నుంచి బంతి వచ్చింది. పెద్ద జోరుగా లేదు. గోల్‌కీపరు దాని వైపు దూకడానికి కుడికాలు మోపాడు. కాలు నిలవలేదు. ఒళ్లు ఒకవైపు పోయింది, మోకాలు ఇంకోవైపు పోయింది. బంతి అతని పక్కగా మెల్లగా దొర్లుతూ లోపలికి వెళ్లింది. స్టేడియం అంతా లేచి అరిచింది. అతని అరుపు నాకు వినిపించలేదు, నోరు తెరవడం మాత్రం కనిపించింది.

స్ట్రెచర్ బయటికి వస్తున్నప్పుడు వాన్ గేట్లోకి వచ్చింది. ఆ అమ్మాయి, మా పనివాడొకడు చెరో వైపు పట్టుకుని పెట్టె దించారు. అది నల్లటి ఇనుప పెట్టె, మూల మీద క్లబ్ ముద్ర. ఉస్తాద్ దాన్ని దాటుకుని స్ట్రెచర్ వెంట వెళ్లిపోయాడు. మిగిలిన ఆటగాళ్లు అదే బూట్లతో ఆడారు. ఏ జత వేసుకోవాలో చెప్పే మనిషి అక్కడ లేడు. ఒక గోలుతో ఓడిపోయారు.

ఆట అయ్యాక స్థానిక క్లబ్ మేనేజరు వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఉజ్బెక్ జట్టుకు పొట్టి స్టడ్లు చాలని నేను చెప్పిన సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. “కితాబ్, ఈ రోజు మా పన్నెండో ఆటగాడివి నువ్వే” అన్నాడు. ముదీర్ కూడా నవ్వాడు. నేను కావాలనే చెప్పాననుకున్నారు. కాదని అరబీలో చెప్పబోయాను. వాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. నా ఉద్యోగంలో నన్ను అంత మెచ్చుకున్న రోజు ఇంకొకటి లేదు.

నా భార్యది ఆ రోజు క్యాజువాలిటీలో సాయంత్రం డ్యూటీ. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పింది. మోకాలి లోపల లిగమెంటు తెగిందట, అతను ఇక ఆడడని డాక్టరు చెప్పాడట. బూటు కత్తిరించబోతే ఆ పెద్దాయన ఒప్పుకోలేదట. కింద కూర్చుని తనే లేసు విప్పి, మడమ కింద చెయ్యి పెట్టి, నొప్పి తెలియకుండా లాగేశాడట.

“ఆ బూటు తుడిచి ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడండీ. పాడైంది పారేయండి అన్నా వినలేదు.”

అప్పుడు ఆమెకు జరిగింది చెప్పాను. అప్పుడు చెప్పులు విప్పింది.

“పొద్దున్నే వెళ్లి చెప్పండి. పుస్తకాలు మాత్రం పట్టుకెళ్లకండి” అంది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె మాట నేను తోసేసిన సందర్భాలు తక్కువ. తోసేసిన ప్రతిసారీ డైరీలో రాసుకున్నాను. ఇది వాటిలో ఆఖరిది.

మర్నాడు ఉదయం ఏడింటికి పదకొండు పుస్తకాలూ సంచిలో వేసుకుని, మంచు సమయాలు రాసిన కాగితం జేబులో పెట్టుకుని హోటల్‌కు వెళ్లాను. కావాలని చేయలేదని వాళ్లకు తెలియాలి. నాకు అది ఒక్కటే కావాలి. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఆ ఉదయం కూడా నేను నా గురించే వెళ్లాను.

లాబీలో కోచ్ ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన దుబాసీ అమ్మాయి. ఆమె నన్ను బాగున్నారా అని అడగలేదు. మ్యాచ్ కమిషనర్ తొమ్మిదింటికి బయల్దేరతాడని చెప్పింది. అంతలోపు నేను ఒక మాట రాసి సంతకం చేస్తే ఫిర్యాదు పెట్టవచ్చట. బూట్ల సంగతి అలా చెప్పమని నాకు స్థానిక క్లబ్ చెప్పింది, అని రాయాలి.

“ఎవరూ చెప్పలేదమ్మా” అన్నాను.

“తెలుసు అంకుల్.” ఆమె కోచ్ వైపు చూడకుండా ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. “ఫిర్యాదు నిలవదని ఆయనకీ తెలుసు. కానీ మోసం జరిగిందని ఒక కాగితం ఉంటే తప్పు ఉస్తాద్ మీద పడదు. లేకపోతే ఊరంతా ఆయన్నే అంటుంది. క్లబ్‌ని చంపింది నువ్వే అంటుంది.”

కలం నా చేతికిచ్చింది. పుచ్చుకున్నాను. అబద్ధం రాయడం నాకు చేతకాదని, నా జీవితంలో రాయలేదని చెప్పుకోవడం సులువు. నిజం ఏమిటంటే, ఆ నిమిషంలో నాకు రాయాలనిపించింది. రాస్తే నేను కంపెనీ ముందు దొంగనవుతాను, ఉద్యోగం పోతుంది. రాయకపోతే ఆయన తన ఊరి ముందు దోషి అవుతాడు. కాగితం మీద తేదీ వేశాను. ఏం చేసినా ముందు తేదీ వేయడం నా అలవాటు.

అప్పుడు ఉస్తాద్ లిఫ్టులోంచి ఒక పెట్టె తోసుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూశాడు, కాగితం చూశాడు. కోచ్‌తో వాళ్ల భాషలో రెండే మాటలు అన్నాడు. కోచ్ గట్టిగా ఏదో అని లేచి బయటికి వెళ్లిపోయాడు. ఉస్తాద్ నా చేతిలో కలం తీసుకుని మూత పెట్టి అమ్మాయికి ఇచ్చాడు.

“మేం చాలాసార్లు ఓడాం ఇంజనీర్” అన్నాడు. నాటకం లేని హిందీ, ఎంత నెమ్మదిగా అన్నాడంటే వంగి వినాల్సి వచ్చింది. “గడ్డి వల్ల ఓడామని నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. బూట్లు నేను పెట్టాను.”

నేను సంచిలోంచి ఆ ఏటి డైరీ తీసి పేజీ తెరవబోయాను. కావాలని కాదు, చూడండి, ఇదిగో పడమటి గాలి, ఇదిగో సమయం అంటున్నాను. ఆయన అట్ట మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు.

“నీ పుస్తకంలో తప్పు లేదు. అందులో నిన్న లేదు, అంతే.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇన్నాళ్లు ఇంత బరువుగా ఉండేది కాదు. నేను క్షమించమని అడిగానో లేదో నాకు గుర్తు లేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ బుధవారం పేజీలో నీళ్ల నిమిషాలు కూడా లేవు.

బయట బస్సు సిద్ధంగా ఉంది. ఏ ఊళ్లో ఏ బస్సు ఎక్కినా డ్రైవరు వెనక మొదటి రెండు సీట్లు ఎప్పుడూ ఉస్తాద్‌వి, ఆయన పక్కన నోటుబుక్కుల సంచి ఉండేది. ఇన్నేళ్లలో ఆ చోట్లో ఇంకెవరూ కూర్చోలేదని అమ్మాయి చెప్పింది. ఇప్పుడు అక్కడ గోల్‌కీపరును కూర్చోబెట్టారు. కట్టు కట్టిన కాలు చాపుకోవాలి, అంత చోటు ఇంకెక్కడా లేదు. ఆటగాళ్లు తలలు దించుకుని ఒక్కొక్కరే ఎక్కారు. వెనక సీట్లన్నీ నిండాయి. ఉస్తాద్ మెట్టు మీద ఒక కాలు పెట్టి లోపలికి చూశాడు. కాలు దించి, సామాను వేసిన పికప్ ట్రక్కు దగ్గరికి నడిచాడు. దాని డ్రైవరు కేరళ కుర్రాడు, తలుపు తీసి సీటు మీది కాగితాలు ఎత్తాడు. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక పెట్టెలన్నిటి పైన ఆ నల్ల పెట్టె ఉంది, తెరవనే లేదు.

బస్సు ముందు కదిలింది, పికప్ వెనక కదిలింది. మస్కట్ రోడ్డెక్కే చోట సిగ్నల్ పడింది. బస్సు దాటిపోయింది. పికప్ ఆగిపోయింది.

నేను హోటల్ మెట్ల మీద సంచితో నిలబడి ఉన్నాను. అక్కడికి నడిస్తే వంద అడుగులు కూడా ఉండదు. ఆయన తల వెనక వైపు నాకు కనిపిస్తోంది. ఆ లైటు చాలాసేపు ఎర్రగానే ఉంది. తర్వాత పచ్చబడింది.